తాళంచెవి ఎవరి చేతిలో?

రాజధానిలో జనపథ్ మీద ఉన్న జాతీయ మ్యూజియానికి వెళ్ళినప్పుడు నన్ను పలుమార్లు ఆకర్షించిన దృశ్యం ఒకటున్నది. హరప్పా విభాగంలో, జానెడైనా లేని ఆ కంచు నర్తకి ముందు, నెరిసిన తలగల ఒక పెద్దమనిషో, నూలుచీర కట్టుకున్న ఒక గృహిణో పదిమంది సందర్శకులను చుట్టూ చేర్చుకొని, అయిదువేల ఏళ్ళనాటి ముచ్చటను తమ ఇంటి ముచ్చటవలె చెబుతూ ఉంటారు. వీరు ఆ సంస్థ ఉద్యోగులు కారు. ఒక్క పైసా జీతం పుచ్చుకోరు. కొన్ని వారాలు శిక్షణ పొంది, తమ తీరిక వేళలను మ్యూజియానికి ధారపోసిన స్వచ్ఛంద సేవకులు. 'పథ్ ప్రదర్శక్' అని వారికి పేరు పెట్టారు. జీతానికి పనిచేసే గైడు ముఖంలో అరుదుగా కనిపించే ఉత్సాహం వీరి ముఖాల్లో కనిపించేది. ఇటువంటి సేవను ఆక్షేపించేవాడెవడైనా ఉంటే అతడు రసహీనుడే అయి ఉండాలి.

అయితే ఆ దృశ్యం వెనుక మరొక ఏర్పాటు ఉన్నదన్న సంగతి మనం గుర్తించం. ఆ పూట ఆ గృహిణి రాకపోయినా మ్యూజియం మూతపడదు. ద్వారం దగ్గర కాపలాదారు ఉన్నాడు. పైఅంతస్తులలో క్యూరేటర్లు ఉన్నారు. కంచుకు చిలుము పట్టకుండా చూసే ప్రయోగశాల ఉన్నది. అన్నీ తగినన్ని లేకపోవచ్చుగాక, బొత్తిగా లేకపోలేదు. అక్కడ స్వచ్ఛంద సేవ విస్తట్లో చివర వడ్డించిన పాయసం వంటిది; అన్నం ముందే పెట్టి ఉన్నది. దేశంలోని చిన్న మ్యూజియంల స్థితి అది కాదు. అక్కడ పాయసాన్నే అన్నంగా తినమంటున్నారు. కాపలా, లెక్క, శుభ్రత, మరమ్మతు, చివరకు తాళం తీయడం, వేయడం కూడా సేవాభావం మీద నడవాలంటున్నారు. ఈ వారం నేను ప్రస్తావించదలచినది ఈ సంగతినే.

భారతదేశంలో మ్యూజియం అనే సంస్థ పుట్టుకే ఒక స్వచ్ఛంద సేవకుని లేఖతో జరిగింది. 1814 ఫిబ్రవరిలో నథానియల్ వాలిక్ అనే డేనిష్ వృక్షశాస్త్రజ్ఞుడు కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి ఒక ఉత్తరం వ్రాశాడు. సొసైటీ ఒక మ్యూజియం నెలకొల్పితే తన సేకరణలలో జంట ప్రతులున్నవాటిని ఇస్తాననీ, జీతం లేకుండా గౌరవ క్యూరేటర్‌గా పనిచేస్తాననీ దాని సారాంశం. సొసైటీ వెంటనే అంగీకరించింది. నేడు చౌరంఘీలో మనం చూసే ఇండియన్ మ్యూజియానికి అదే బీజం.

ఆ తరువాతి కథ అంత ప్రసిద్ధం కాదుగాని, మనకు కావలసినది అదే. వాలిక్ తప్పుకున్న తరువాత అంత ఉదారుడు మరొకడు దొరకలేదు. క్యూరేటర్లకు నెలకు యాభై నుంచి రెండువందల రూపాయల వరకు జీతం ఇవ్వవలసి వచ్చింది. 1836 వరకు సొసైటీ తన సొంత నిధులలోనుంచే ఇచ్చింది. సొసైటీ సొమ్ము దాచుకున్న పామర్ కంపెనీ దివాలా తీసింది. అప్పుడు గాని ప్రభుత్వం కదలలేదు. నెలకు రెండువందల రూపాయల గ్రాంటు మంజూరు చేసింది, అదీ తాత్కాలికమనే పేరుతో. 1841లో వచ్చిన ఎడ్వర్డ్ బ్లిత్ రెండు దశాబ్దాలకు పైగా ఆ పక్షుల చర్మాల మధ్య, ఎముకల మధ్య గడిపాడు. డార్విన్ వంటివాడు ఇతని పరిజ్ఞానాన్ని నమ్ముకొని ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. ఇంత చేసినా ఆ ఇరవై ఏళ్ళూ జీతం పెరగలేదు. ఇల్లు గడవక అతడు బ్రతికున్న జంతువుల వ్యాపారం వైపు కూడా దృష్టి సారించాడు. చివరకు 1866లో చట్టం చేసి, ప్రభుత్వం బాధ్యత నెత్తిన వేసుకున్న తరువాతే ఆ సంస్థ నిలదొక్కుకున్నది. అంటే గౌరవ సేవ నుంచి ప్రభుత్వ బాధ్యత దాకా సాగడానికి ఆ మ్యూజియానికి యాభై ఏళ్ళకు పైగా పట్టింది. మన చిన్న మ్యూజియంలలో అనేకం నేటికీ వాలిక్ ఉత్తరం దగ్గరే ఆగి ఉన్నవి.

తెలుగువారికి ఈ కథ కొత్త కాదు. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్ర చరిత్ర పరిశోధక మండలి ఏర్పడినప్పుడు దానికి ప్రభుత్వ ఆస్థానం లేదు, కోశాగారం లేదు. కళాశాలలో చరిత్ర బోధించుకుంటూ రాళ్ళబండి సుబ్బారావుగారు, ఆయన సహచరులు శాసనాలు, నాణేలు, తామ్రపత్రాలు పోగుచేశారు. పత్రిక నడిపారు. ఆ ఊరి ప్రభుత్వ మ్యూజియానికి ఆయన పేరే పెట్టారంటే ఆ శ్రమ ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. ఆ సేకరణ ప్రభుత్వానికి చేరింది గనుక మిగిలింది. అదేకాలంలో మన జిల్లాలలో ఎందరో ప్లీడర్లు, బడిపంతుళ్ళు, జమీందారుల దివానులు తమ ఇళ్ళలో పోగుచేసిన నాణేల సంచులు, తాళపత్రాలు ఏమైనవో వారి మనుమలను అడిగితే అటక వైపు చూపిస్తారు, లేదా మాట మారుస్తారు.

రాజ్యాంగం ఈ విషయంలో ఏమంటున్నదో చూడడం అవసరం. కేంద్ర జాబితాలో 62వ అంశం ఇండియన్ మ్యూజియం, విక్టోరియా మెమోరియల్ వంటి సంస్థలను పేరుపెట్టి పేర్కొని, జాతీయ ప్రాముఖ్యం గలవని పార్లమెంటు ప్రకటించిన ఇతర సంస్థలను వాటి పక్కన చేర్చింది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం 1961లో ఈ విధంగానే చట్టం ద్వారా జాతీయ సంస్థ అయింది. రాష్ట్ర జాబితాలో 12వ అంశం రాష్ట్రాలు నడిపే, లేక ధనసహాయం చేసే గ్రంథాలయాలను, మ్యూజియంలను రాష్ట్రాలకు వదిలింది. ఎవరూ నడపనిది, ఎవరూ ధనసహాయం చేయనిది ఏ జాబితాలో ఉన్నది? ఎక్కడా లేదు. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను, వస్తువులను కాపాడే భారం ప్రభుత్వానిదని 49వ అధికరణం చెబుతున్నది. వారసత్వ సంపదను గౌరవించి కాపాడడం పౌరుని ప్రాథమిక విధి అని 1976 నాటి 42వ సవరణతో వచ్చిన 51ఎ అధికరణం చెబుతున్నది. ఢిల్లీ అధికారులతో మాట్లాడినప్పుడు నేను గమనించిన విశేషం ఏమంటే, డబ్బు ప్రస్తావన వచ్చేసరికి వారికి 49 కంటే 51ఎ ఎక్కువగా జ్ఞాపకం వస్తుంది.

ఇక నేను స్వయంగా చూసిన ఒక చిన్న మ్యూజియం సంగతి. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ పెద్దాయనకు ఇబ్బంది. ఢిల్లీకి నాలుగు గంటల ప్రయాణ దూరంలో, యమునకు ఆవలి ఒడ్డున ఒక చిన్న పట్టణం. మునిసిపాలిటీ ఒకప్పుడు ఆక్ట్రాయ్ వసూలు చేసిన పాత చుంగీ కట్టడంలో రెండు గదులు. స్థానికంగా వకీలు వృత్తి చేసిన ఒక చరిత్రాభిమాని తన జీవితకాలంలో సేకరించిన కుండపెంకులు, మట్టిబొమ్మలు, కుషాణుల నాటి రాగి నాణేలు, 1857 నాటి ఉత్తరాలు, 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళినవారి జైలు చీటీలు అందులో ఉన్నవి. వకీలు పోయాక ఆయన మిత్రుడు, పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు, తాళంచెవి పుచ్చుకున్నారు. ఊళ్ళో అందరూ ఆయనను మాస్టర్‌జీ అంటారు. వయస్సు ఎనభైకి దగ్గర. ఆదివారం ఉదయం, పండుగల నాడు, ఎవరైనా వచ్చి ఇంటి తలుపు తట్టిననాడు మ్యూజియం తెరుస్తారు.

ఆయన నాకు మొట్టమొదట చూపించినది నాణేలు కాదు, ఒక లావుపాటి రిజిస్టరు. మ్యూజియం వస్తువు ఏది, ఎక్కడ దొరికింది, ఎవరు ఇచ్చారు, ఏనాడు చేరింది అన్నది వ్రాసుకునే పుస్తకం అది. దానిని ఈ వృత్తిలోనివారు యాక్సెషన్ రిజిస్టరు అంటారు. మొదటి నూరు పుటలు వకీలు దస్తూరీ, అంతా ఉర్దూ లిపి. తరువాతి ముప్ఫై పుటలు మాస్టర్‌జీ వ్రాసిన దేవనాగరి. ఆ తరువాత పుస్తకంలో ఏమీ లేదు. మధ్యమధ్య అతికించిన కాగితం ముక్కలున్నవి. కళాశాల నుంచి ఏటా వచ్చే జాతీయ సేవా పథకం విద్యార్థులు వ్రాసినవట. ఇప్పుడు ఆ ఊళ్ళో వకీలుగారి ఉర్దూ దస్తూరీని తడబడకుండా చదవగలవారు ఇద్దరు ముగ్గురికి మించి లేరని మాస్టర్‌జీ చెప్పారు.

"అక్షరం పోతే పోయింది, అంకె ఉంటే చాలుననుకున్నాను" అన్నారాయన. "ప్రతి పెంకు మీద వకీల్ సాబ్ నల్లసిరాతో అంకె వేశారు. రిజిస్టరులో ఆ అంకె చూస్తే ఏ దిబ్బలో దొరికిందో తెలుస్తుంది. ఒక ఏడాది పంద్రాగస్టుకు ముందు పిల్లలు శ్రమదానానికి వచ్చారు. నాకు ఆ రోజు జ్వరం. వాళ్ళు పాపం ఎంతో శ్రద్ధగా, పెంకులన్నింటినీ సబ్బుతో కడిగి, ఎండబెట్టి, పరిమాణం ప్రకారం వరుసగా పేర్చారు. నేను మర్నాడు వచ్చి చూసేసరికి అన్నీ అద్దంలా మెరుస్తున్నాయి, సాబ్. ఒక్క అంకె లేదు."

ఆ పిల్లలను ఏమైనా అన్నారా అని అడిగాను. "ఏమంటాను? మిఠాయి పెట్టి పంపాను" అన్నారు.

దిబ్బ పేరు తెలియని కుండపెంకు చరిత్రకారునికి పనికిరాదు. అది మట్టిముక్క. ఆ మధ్యాహ్నం ఆ పసివాళ్ళు సదుద్దేశంతో చేసిన పని ఒక దొంగ చేయగలిగిన దానికంటే ఎక్కువ నష్టం కలిగించింది. దొంగ ఒకటి రెండు వస్తువులు ఎత్తుకుపోతాడు. ఇక్కడ వస్తువులన్నీ ఉన్నవి, వాటి ఊరూ పేరూ పోయినవి. తప్పు వారిది కాదు. ఏది కడగాలో, ఏది ముట్టుకోరాదో చెప్పే మనిషి ఆ రోజు అక్కడ ఉండకపోవడమే కారణం. ఆ మనిషి జ్వరంతో పడుకున్న ఒక ముసలివాడు. ఆయనకు బదులు మరొకరు రావాలని శాసించగల వ్యవస్థ ఏదీ లేదు. ఉద్యోగి అయితే సెలవు పెడతాడు, బదులు మనిషి వస్తాడు. సేవకునికి సెలవు లేదు, బదులూ లేదు.

మీకు ఎవరైనా ఎప్పుడైనా జీతం ఇస్తామన్నారా అని అడిగాను. ఆయన నవ్వి, "ఒకసారి సన్మానం చేశారు. శాలువా కప్పారు" అన్నారు.

ఈ శాలువా మన ప్రజాజీవితంలో చాలా చౌకగా లభించే వస్తువు. మ్యూజియంల విషయంలో ప్రభుత్వ సహాయం లేదనడం న్యాయం కాదు. కేంద్ర సాంస్కృతిక శాఖకు మ్యూజియం గ్రాంటు పథకం ఉన్నది. కొత్త మ్యూజియంలు కట్టడానికి, ఉన్నవాటిని ఆధునికీకరించడానికి, వస్తువుల చిత్రాలను కంప్యూటర్లకు ఎక్కించడానికి అది కోట్లలో సహాయం ఇవ్వగలదు. పుణెలోని సీ-డాక్ సంస్థ 'జతన్' అనే పేరుతో మ్యూజియం వస్తువుల నమోదుకు ఒక కంప్యూటరు వ్యవస్థనే రూపొందించింది. ఇదంతా హర్షించదగినదే. కాని ఈ సహాయం స్వభావం చూడండి. గోడకు, అద్దాల పెట్టెకు, దీపానికి డబ్బు దొరుకుతుంది. నెలనెలా జీతం పుచ్చుకొని ఆ దీపం వెలిగించేవాడి భారం మాత్రం సహాయం పొందిన సంస్థదే. ప్రారంభోత్సవానికి రాయి వేయవచ్చు, రిబ్బను కత్తిరించవచ్చు. గుమాస్తా జీతానికి శిలాఫలకం వేయడానికి వీలులేదు. మన పంచవర్ష ప్రణాళికల కాలం నుంచీ పెట్టుబడి వ్యయం పట్ల ఉన్న మోజు, నిర్వహణ వ్యయం పట్ల ఉన్న ఏవగింపు ఇక్కడ కూడా కనిపిస్తున్నది. కట్టిన పాఠశాలలో ఉపాధ్యాయుడు లేడు, కట్టిన ఆసుపత్రిలో నర్సు లేదు, కట్టిన మ్యూజియంలో మనిషి లేడు.

పెద్ద కట్టడాల విషయంలోనే మనుషుల కొరత ఎలా ఉన్నదో పార్లమెంటు రికార్డు చెబుతున్నది. 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక, కేంద్ర రక్షణలోని 92 కట్టడాలు అసలు కనిపించడం లేదని పేర్కొని సంచలనం కలిగించింది. 2022లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ విషయాన్నే తిరిగి పరిశీలించింది. రక్షిత కట్టడాలు 3,693 ఉండగా, ఏడువేలమంది కాపలాదారులు కావలసిన చోట 2,578 మందిని, అదీ 248 స్థలాలలో మాత్రమే ఉంచగలిగినట్లు సంఘం దృష్టికి వచ్చింది. జాతీయ ప్రాముఖ్యం ముద్ర పడిన కట్టడాల గతి ఇది అయినప్పుడు, పాత చుంగీ గదుల గతి అడగనక్కరలేదు.

కాపలా అనగానే రాత్రి గుర్తుకు వస్తుంది. సేవకులు పగటివేళ మనుషులు. పగలు మ్యూజియంలో నిలబడి కథలు చెప్పడానికి మనుషులు దొరుకుతారు. రాత్రి రెండు గంటలకు మెలకువగా ఉండడానికి సేవాభావం చాలదు. హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో 2018 సెప్టెంబరులో ఇద్దరు దొంగలు వెంటిలేటరు గుండా దిగి మూడంతస్తుల బంగారు టిఫిన్ డబ్బాను, కప్పు సాసరును పట్టుకుపోయిన ఉదంతం పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. పోలీసులు పదిరోజులలోపే వాటిని పట్టుకున్నారు. బంగారం గనుక, నిజాముది గనుక, నగరమంతా గగ్గోలు పుట్టింది గనుక దొరికింది. ప్రకాశం జిల్లా చందవరం నుంచి ఎత్తుకుపోయిన సున్నపురాతి బౌద్ధ శిల్పఫలకం కథ ఇంత త్వరగా ముగియలేదు. ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాల 2005లో దానిని న్యూయార్కు వర్తకుడైన సుభాష్ కపూర్ దగ్గర కొన్నది. అది తిరిగి భారత ప్రభుత్వం చేతికి వచ్చింది 2016లో. చందవరంలో అది ఉన్నప్పుడు ఎవరో తీసిపెట్టిన పాత ఛాయాచిత్రం సాక్ష్యంగా నిలిచింది. ఒక ఫోటో, ఒక అంకె, ఒక తేదీ ఉంటే సముద్రాలు దాటిన రాయి అయినా ఇల్లు చేరుతుంది. అవి లేకపోతే మన గుమ్మం ముందున్నా అది మనది అని నిరూపించలేము.

వాలంటీరు అనే మాట మన తెలుగు నేలమీద ఇటీవల ఎంత వివాదాస్పదమైనదో వేరే వ్రాయనక్కరలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏభై ఇళ్ళకు ఒకరు చొప్పున, నెలకు అయిదువేల రూపాయల గౌరవ వేతనంతో, రెండున్నర లక్షలమందికి పైగా యువతీయువకులను నియమించింది. పింఛను ఇంటికి తెచ్చిన వారు వారే, కుటుంబాల వివరాలు సేకరించిన వారూ వారే. 2024 ఎన్నికల వేళ ఆ పని వారి చేతుల్లోంచి తప్పింది. ప్రభుత్వం మారిన తరువాత పింఛను పంపిణీ సచివాలయ ఉద్యోగులకు వెళ్ళింది. ఆ పథకం మంచిచెడ్డల చర్చ ఇక్కడ నాకు అవసరం లేదు. నా ప్రశ్న ఒకటే: ఉద్యోగి చేసే పని చేస్తూ, ఉద్యోగి కానివాడిగా ఉన్న మనిషిని ఒకనాడు వద్దంటే, అతడు ఎవరికి మొర పెట్టుకోవాలి? ఈ పద్ధతి ఒక్క రాష్ట్రానిది, ఒక్క పార్టీది కాదు. 1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలోని అంగన్‌వాడీ అక్కలు 'గౌరవ' కార్యకర్తలే. వారికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 2022లో చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది ఆశా కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ పురస్కారం ప్రకటించింది. ఇక్కడి రికార్డులలో మాత్రం వారు వాలంటీర్లుగానే ఉన్నారు. మాస్టర్‌జీ శాలువా వంటిదే అదీను.

సేవ ఎవరు చేయగలరు అన్నది మరొక ముఖ్యమైన ప్రశ్న. జీతం లేకుండా వారానికి రెండు పూటలు మ్యూజియంలో గడపగలవాడు ఇంట్లో పొయ్యి వెలగడానికి మరొక ఆధారం ఉన్నవాడు. రాజధానిలో అది పింఛనుదార్లకు, సంపన్న కుటుంబాల స్త్రీలకు సాధ్యం. వారి కృషి పట్ల నాకు గౌరవమున్నది. అయినా గ్యాలరీలో కథ చెప్పే అవకాశం ఒకే శ్రేణి ప్రజలకు దక్కితే, చెప్పబడే కథ కూడా ఆ శ్రేణిదే అవుతుంది. సాలెవాని కుమారుడు మగ్గం గురించి, కుమ్మరి కుమార్తె ఆ పెంకుల గురించి చెప్పగలిగిన మాట మరొకరు చెప్పలేరు. వారికి తీరిక లేదు, కూలి పోతుంది. అమెరికాలో చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సరిగ్గా ఈ వాదన మీదనే 2021లో తన స్వచ్ఛంద వ్యాఖ్యాతల పథకాన్ని ఎత్తివేసి, జీతమిచ్చి బోధకులను పెడతానన్నది. దశాబ్దాలుగా సేవ చేసిన వందమందికి పైగా వ్యాఖ్యాతలకు ఒక ఉత్తరంతో సెలవు ఇచ్చిన పద్ధతిపై అక్కడ పెద్ద దుమారమే రేగింది. ఆ మోటుతనం మనకు అక్కరలేదు. ధనిక సంస్థ చేయగలిగినది చుంగీ గది చేయలేదు కూడా.

నా మాటలు విని, జీతగాళ్ళను పెట్టితే అన్నీ చక్కబడతాయని నేను నమ్ముతున్నానని ఎవరైనా భావిస్తే అది పొరపాటు. మన ప్రభుత్వ మ్యూజియంలలో మధ్యాహ్నపు నిద్ర ఎంత గాఢమో నాకు తెలియనిది కాదు. మండీ హౌస్ దగ్గర ఫిక్కీ భవనంలో 1978 నుంచి నడిచిన జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి సిబ్బంది ఉన్నారు, ప్రభుత్వమూ ఉన్నది. 2016 ఏప్రిల్ 26వ తేదీ తెల్లవారుజామున అది కాలి బూడిద అయింది. జీతం భద్రతకు హామీ కాదు. అయితే జీతం ఉన్నచోట ఒక ప్రశ్న అడగవచ్చు: ఎవరి బాధ్యత? పార్లమెంటులో అడగవచ్చు, ఆడిట్ అడగవచ్చు, పత్రికలు అడగవచ్చు. మాస్టర్‌జీని ఎవరు అడుగుతారు? అడిగే హక్కు ఎవరికి ఉన్నది?

పొరుగు దేశాలలో ఈ చిక్కును మనకంటే తెలివిగా ఎదుర్కొన్న ఉదాహరణలు లేకపోలేదు. ఢాకాలో 1996 మార్చి 22వ తేదీన సేగున్‌బాగిచాలోని ఒక పాత ఇంట్లో విముక్తి యుద్ధ మ్యూజియం తెరుచుకున్నది. స్థాపించినవారు ఎనిమిదిమంది ధర్మకర్తలు; ప్రభుత్వం కాదు. 1971లో కొడుకును పోగొట్టుకున్న తల్లులు అతడి చొక్కాను, కళ్ళజోడును, చివరి ఉత్తరాన్ని తెచ్చి ఇచ్చారు. బడిపిల్లలు తమ ఇళ్ళలోని పెద్దలను కదిలించి, వారు చూసిన యుద్ధాన్ని వ్రాసి పంపారు. అటువంటి సాక్ష్యాలు వేలకు వేలు పోగైనవి. ఇంతకంటే గొప్ప స్వచ్ఛంద సేవ ఉండబోదు. కాని పిల్లలు వ్రాసి పంపిన కాగితాన్ని అందుకొని, వరుసలో పెట్టి, భద్రపరచే పనిని ఆ ధర్మకర్తలు పిల్లలకే వదలలేదు. దానికి సిబ్బందిని పెట్టుకున్నారు. పౌరుల చందాలకు ప్రభుత్వ సహాయం తోడై 2017లో ఆగార్‌గావ్‌లో సొంత భవనం లేచింది. ఆ దేశంలో జ్ఞాపకాల మీద రాజకీయం ఎంత క్రూరంగా తిరగబడగలదో 2024 ఆగస్టులో ధన్‌మండీ 32వ నంబరు ఇంటిని తగులబెట్టినప్పుడు, 2025 ఫిబ్రవరిలో దానిని కూలగొట్టినప్పుడు లోకం చూసింది. అటువంటి నేల మీద లెక్క ప్రకారం భద్రపరచిన కాగితం విలువ వేరే చెప్పాలా?

2015 ఏప్రిల్ 25 భూకంపంలో నేపాల్‌లోని పాటన్ దర్బారు చౌకులో ఆలయాలు కూలినప్పుడు, చుట్టుపక్కల ఇళ్ళవారు, సైనికులు, పోలీసులు కలిసి చెక్కిన దూలాలను, దేవతామూర్తులను శిథిలాలలోంచి తీసి మ్యూజియం ఆవరణకు చేర్చారు. ఆ ఘడియలో వేతన శ్రేణుల ప్రసక్తి ఎవరికీ రాలేదు. విపత్తులో సేవకు సాటి వచ్చేది లేదు. ఆ తరువాత ఏ దూలం ఏ ఆలయానిదో తేల్చి మళ్ళీ నిలబెట్టడానికి ఏళ్ళు పట్టింది. అప్పుడు పనికివచ్చినవి అంతకుముందు తీరికగా, ఓపికగా వ్రాసి పెట్టుకున్న కొలతలు, గీసుకున్న పటాలు.

మన దేశంలోనే భోపాల్‌లో విషవాయువు బాధితులు, ఉద్యమకారులు కలిసి 2014 డిసెంబరులో ఒక మ్యూజియం తెరిచారు. ప్రభుత్వం నుంచీ, కంపెనీల నుంచీ డబ్బు తీసుకోరాదన్నది వారి నియమం; ఎందుకో 1984 తెలిసినవారికి వివరించనక్కరలేదు. కార్గిల్‌లో మున్షీ అజీజ్ భట్ అనే వర్తకుడు కట్టిన పాత సరాయిలో దొరికిన పట్టుబట్టలు, జీనులు, వ్యాపారపు కాగితాలతో ఆయన వంశీకులు 2004 నుంచి మధ్యాసియా వర్తకపు మ్యూజియం నడుపుతున్నారు. దేశ విభజన, సరిహద్దుల మూసివేత తరువాత ఆ బాటసారులు రాలేదు; వారి సామగ్రి మిగిలింది. ఇటువంటివి ప్రభుత్వం పుట్టించలేదు, పుట్టించలేదు కూడా. అందుకే వీటిని ప్రభుత్వపరం చేయమని నేను అనను. భోపాల్ బాధితుల గోడ మీద ఏమి వ్రాయాలో సచివాలయం నిర్ణయించనారంభిస్తే ఆ గోడ ఎందుకు?

కావలసినది అంత పెద్ద విషయం కాదు. జిల్లాకు ఒకరు, వీలైతే ఇద్దరు, శిక్షణ పొందిన మ్యూజియం ఉద్యోగులు. వారు వారానికి ఒక రోజు చొప్పున జిల్లాలోని నాలుగైదు చిన్న మ్యూజియంలకు తిరిగి, రిజిస్టరు వ్రాసి, ఫోటో తీసి, చెదలు చూసి, సేవకులకు ఏది కడగరాదో చెప్పి వస్తే చాలు. గోడ మీద కథ ఎవరిదో వారికే వదిలి, వస్తువు లెక్క మాత్రం ప్రభుత్వ ఖర్చుతో జరగాలి. పశువైద్యుడు పల్లెలు తిరుగుతున్నాడు గదా. రైతు పశువు రైతుదే, వైద్యుని జీతం ప్రభుత్వానిది. ఈ సూచన నేను సాంస్కృతిక శాఖకు చెందిన ఒక అధికారి ముందు పెట్టినప్పుడు ఆయన శ్రద్ధగా విన్నారు. మ్యూజియం రాష్ట్ర జాబితా అన్నారు. రాష్ట్ర అధికారిని అడిగితే పథకం కేంద్రానిది అంటారని నేనన్నాను. ఆయన కాదనలేదు.

మనుషులు దొరకరన్న మాట మాత్రం నిజం కాదు. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం 1952 నుంచీ మ్యూజియం శాస్త్రం నేర్పుతున్నది. కలకత్తాలో నేర్పుతున్నారు, కాశీలో నేర్పుతున్నారు. జాతీయ మ్యూజియం ఆవరణలో 1989లో వెలసిన శిక్షణ సంస్థ ఇప్పుడు నోయిడాకు తరలి, పేరు మార్చుకొని నడుస్తున్నది. ఆ చదువు పూర్తిచేసిన ఒక అమ్మాయిని ఆమధ్య కలుసుకున్నాను. తెనాలి దగ్గర పల్లె. తండ్రి కౌలు రైతు. కాగితం మీది తేమ మరకను చూసి అది ఎన్నేళ్ళ కిందటిదో ఉజ్జాయింపుగా చెప్పగలదు. మూడు సంస్థలలో వరుసగా ఆరేసి నెలలు శిక్షణార్థిగా పనిచేసింది. మూడుచోట్లా పని క్యూరేటరుది, పేరు వాలంటీరుది, ప్రతిఫలం ఒక ధ్రువపత్రం. నాలుగో చోట నుంచి కూడా పిలుపు వచ్చిందట. "నాన్నకు ఇంకొక సర్టిఫికెట్ చూపించలేనండీ" అన్నది. ఇప్పుడు ముఖర్జీనగర్‌లో బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నది.